ఊపిరిపచ్చ

ఎరుపు మొదట ఒక్క ఆకుకే వచ్చింది.

గాజుతొట్టి అడుగున పరుచుకున్న పచ్చని తివాచీలో, బియ్యపుగింజ కంటే చిన్నదైన ఆకు ఒకటి, కుంకుమ రాలి పడినట్టు ఎర్రగా కనిపించింది. వైజయంతి వంపు కత్తెరను నీళ్ళలోనే ఆపింది. ఆదివారం పొద్దున తివాచీని కత్తిరించడం ఆమెకు అలవాటు. కత్తిరించకపోతే పై ఆకులు కింది ఆకులకు వెలుతురు దక్కనివ్వవు. కింద కుళ్ళు మొదలవుతుంది. ఒకనాడు తివాచీ మొత్తం వేళ్ళతో సహా చాపలా పైకి తేలిపోతుంది. పచ్చదనం పదికాలాలు నిలవాలంటే పైపైన కోస్తూనే ఉండాలి.

ఆమె కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఒక్క ఆకు కాదు. తొట్టిలోకి దిగిన గొట్టం నోరు తెరుచుకున్న చోట, చుట్టూ, వలయంగా, అక్కడొకటి, ఇక్కడొకటి.

ఆ గొట్టానికి అంటించిన చీటీ మీద ఆమె చేతివ్రాతే ఉంది: అత్తయ్య.

"ఏమిటే, అలా బిగుసుకుపోయావు? రొయ్యపిల్ల గానీ చచ్చిందా?"

వంటింటి గుమ్మంలో అత్తగారు భ్రమరాంబ నిలబడి ఉంది. ఒక చేతిలో కొబ్బరిచిప్ప, భుజాన మడిచీర చెంగు.

"లేదత్తయ్యా. నాచు పట్టిందేమోనని చూస్తున్నాను."

"నాచు పడితే కడుక్కోవాలి గానీ మొహం అలా తెల్లబోవాలా? పెద్ద చదువులు చదివి నాచుకు భయపడేదాన్ని నిన్నే చూశాను." ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

వైజయంతి నవ్వలేకపోయింది. ఆ ఎరుపు అర్థం ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ అర్థాన్ని మొక్కకు నేర్పింది ఆమే.

*

కడియం తోటల నడుమ, పూలమొక్కల వాసన వేసే ఒక చిన్న ప్రయోగశాలలో, వైజయంతి ఆ మొక్కను పుట్టించింది. దానికి ఊపిరిపచ్చ అని పేరు పెట్టింది. మామూలు నీటితోటల్లో తివాచీ మొక్కలు దట్టంగా పాకాలంటే ఇనుపసీసాలోంచి బొగ్గుపులుసు వాయువు పంపాలి. ఊపిరిపచ్చకు మనిషి ఊపిరి చాలు. పరగడుపున గొట్టంలో నెమ్మదిగా ఊదితే, బుడగలు నీళ్ళలో బోర్లించిన గాజుగంట కింద నిలిచి, కరిగి, వేళ్ళ దాకా దిగుతాయి. పొద్దెక్కి దీపం వెలిగాక ఆకుల అంచులకు ముత్యాల్లాంటి బుడగలు పడతాయి. అది మొక్క తిరిగి ఇచ్చే ఊపిరి.

కానీ ఆ మొక్క ఊపిరి తాగి ఊరుకోదు. ఒంట్లో ఎక్కడో కణాలు దారి తప్పడం మొదలైతే, ఏ ముక్కూ పట్టలేని ఒక వాసన ఆ మనిషి ఊపిరిలో కలుస్తుంది. నొప్పి రాకముందే, గడ్డ తగలకముందే కలుస్తుంది. ఊపిరిపచ్చ ఆ వాసనకు ఎర్రబారుతుంది.

ధవళేశ్వరంలో ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఇంటి తొట్టి అలా ఎర్రబడితే, "నాకేం రోగమండీ, గుండ్రాయిలా ఉన్నాను" అని ఆయన గొడవ పెట్టుకున్నాడు. బలవంతాన స్కానింగుకు పంపితే ఊపిరితిత్తిలో కందిగింజంత మచ్చ బయటపడింది. దాన్ని తీసేశారు. ఇప్పుడాయన గోదావరి గట్టున నడుస్తూ, కనిపించిన ప్రతివాడికీ కథ చెబుతాడు. "ఆకు చెప్పిందండీ, ఆకు!" అంటాడు. విన్నవాళ్ళు నవ్వేసి పోతారు తప్ప నమ్మరు.

తర్వాత మరికొన్ని ఇళ్ళకు తొట్లు ఇచ్చారు. ఎరుపంటే ఏమిటో ఆ ఇళ్ళవాళ్ళకు చెప్పలేదు. చెబితే రోజూ తొట్టి ముందు కూర్చుని జాతకం చూసుకున్నట్టు చూసుకుంటారని, భయం ఊపిరినే మార్చేస్తుందని, వైజయంతే ఆ నియమం పెట్టింది. పదిహేనేళ్ళలోపు పిల్లలను ప్రయోగంలోకి రానివ్వకూడదని ఇంకో నియమం. ఎదిగే ఒంట్లో కణాలు ఎటూ తొందరపడుతూనే ఉంటాయి. వాటిని చూసి మొక్క తికమకపడితే ఏ తల్లి గుండె ఆగుతుందోనని.

ఆషాఢంలో తన ఇంటికీ ఒక తొట్టి తెచ్చింది. మధ్యలో గాజుపలకలతో మూడు గదులు. ఒక గది నీరు మరో గదికి పోదు. ఒకటి అత్తగారిది, ఒకటి భర్త కామేశానిది, మూడోది ఎవరూ ఊదనిది; పోల్చి చూసేందుకు దానికి సీసాలోని గాలి. పొడవాటి పట్టకారుతో నల్లమట్టి గుళికల్లో చిన్న చిన్న కుదుళ్ళుగా, వరినాట్లు వేసినట్టు నాటింది. ముందు నీళ్ళు పోయలేదు. తడిమట్టిలో, పలుచని ప్లాస్టిక్ పొర కింద వేళ్ళు పట్టనిచ్చింది. పాకుడుకాడలు ఒక కుదురు నుంచి ఇంకో కుదురుకు చేతులు కలిపాక, అప్పుడు నీళ్ళు.

"మరి నా గది ఏదీ?" కూతురు సంహిత అడిగింది. మూడో తరగతి పిల్ల.

"పెద్దవాళ్ళకే, తల్లీ."

"మూడోది ఎవరిదీ కాదన్నావుగా?"

"ఎవరిదీ కాకుండా ఉండటమే దాని పని."

"పాపం" అంది సంహిత, ఆ గది గాజుకు ముక్కు ఆనించి.

అసలు గొడవ నీళ్ళు పోసే రోజున వచ్చింది. తొట్టిలోకి గోదావరి నీళ్ళు తెప్పించారు. అది విని భ్రమరాంబ గొట్టం ముట్టుకోనంది.

"గోదావరి నీళ్ళలోకి నోటితో ఊదడమా? గంగమ్మను ఎంగిలి చెయ్యమంటావా? మంచినీళ్ళు కూడా పెదవి తగలకుండా పైనుంచి పోసుకునేదాన్ని నేను!"

"అమ్మా, ఊపిరికి ఎంగిలేమిటే? గాలే కదా" అన్నాడు కామేశం. అతను కాలువల శాఖలో ఇంజనీరు. గోదావరి నీళ్ళలో ఏమేం కలుస్తాయో అతనికి తెలిసినంతగా రాజమండ్రిలో మరొకరికి తెలియదు. అది తల్లి ముందు అనే ధైర్యం మాత్రం లేదు.

"నోట్లోంచి వచ్చింది ఏదైనా ఎంగిలేరా. నువ్వు ఇంజనీరువి, నీకు తెలీదు."

వైజయంతి బతిమాలింది. ఇంట్లో పెద్దవారు లేకపోతే ప్రయోగం నిండదంది. చివరికి అత్తగారి మొహం మెత్తబడింది.

"సరే. నా గొట్టం నా దేవుడి గది వైపు పెట్టు. పూజకు ముందు, నేను మడిలో ఉన్నప్పుడు, ఎవరూ ఇటు రాకూడదు. ఆ గొట్టంలోకి రోజూ ఊపిరి వెళ్తుంది. దానికి పూచీ నాది. ఇంక అడక్కు."

ఇంక ఎవరూ అడగలేదు.

*

"మేడమ్, ఇది మన డ్రైవరుగారి ఎరుపే" అంది సలోమి.

ప్రయోగశాలలో దీపం కింద ఆకు పెట్టి, వెలుగుగీతలు సరిపోల్చి, సలోమి తల ఎత్తింది. వైజయంతి దగ్గర మొదటి నుంచీ పని చేస్తున్న పరిశోధకురాలు ఆమె. మాట దాచుకోవడం రాదు.

"ఎండ ఎక్కువై ఎర్రబడి ఉండొచ్చు కదా?"

"ఎండ ఎరుపు ఇటుకరంగులో ఉంటుంది మేడమ్. అది మీరే నాకు నేర్పారు." అని, "ఎవరిది మేడమ్?" అంది.

"మా అత్తయ్యది."

సలోమి కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది. తాగడానికి నీళ్ళిచ్చింది.

ఆ సాయంత్రం కామేశానికి చెప్పింది. ఎరుపు అంటే ఏమిటో కూడా అప్పుడే చెప్పింది. అతను చాలాసేపు చెప్పులు విప్పడం మరిచి, మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

"అమ్మకు చెప్పొద్దు వైజూ."

"చెప్పకుండా ఎలా?"

"చెబితే జబ్బు కంటే ముందు ఆ మాటే తినేస్తుంది. మోకాళ్ళకని విశాఖ తీసుకెళ్తాను. పరీక్షలన్నీ చేయిస్తాను. ఏదైనా తేలాక చూద్దాం."

పెద్దవారికి చెడ్డమాట చెప్పకూడదు. ఆ ఇంట్లో అది తరతరాల మర్యాద. వైజయంతి తల ఊపింది.

కార్తీకమాసం. మర్నాడు నైవేద్యానికి భ్రమరాంబ పరమాన్నం వండింది. దేవుడి గదిలోకి తీసుకెళ్ళేలోపే సంహిత వేలు ముంచి నాకేసింది.

"సంహీ!" వైజయంతి అరిచింది. "నైవేద్యానికి పెట్టాల్సింది! ఎంగిలి చేశావు!"

"పోనీలేవే. పసినోటికి ఎంగిలి లేదు" అంటూ భ్రమరాంబ గిన్నె ఎత్తుకుంది. "దీని నోటి గుండా వెళ్ళినా దేవుడికి అందుతుంది. ఏమే బంగారూ?"

సంహిత నాయనమ్మ వంక చూసి, ఏదో పెద్ద రహస్యం మోస్తున్నదానిలా, పెదవులు బిగించి నవ్వింది. నవ్వుతూనే కాలు గోక్కుంది.

"ఏమిటే ఆ గోకుడు?"

"దోమలు నాన్నమ్మా."

"కార్తీకంలో కూడా దోమలే! ఒరేయ్ కామేశం, నీ కాలువల్లో నీళ్ళు పారిస్తున్నావా, దోమల్ని పెంచుతున్నావా?"

అందరూ నవ్వారు. పిల్ల గౌను భుజం నుంచి జారితే వైజయంతి సరిచేసింది. నిరుడు కొన్న గౌను. ఇంకా వదులుగానే ఉంది. ఆ సంగతి ఆమె వేళ్ళకు తెలిసింది, మనసుకు చేరలేదు. మనసంతా అత్తగారి మొహం మీద ఉంది. ఆ బుగ్గలు పాలిపోయాయా? ఆ మెడ సన్నబడిందా?

*

కామేశం తల్లిని తీసుకుని విశాఖ వెళ్ళాడు. వెళ్ళే ముందు భ్రమరాంబ మనవరాలిని దగ్గరకు లాక్కుని చెవిలో ఏదో చెప్పింది. సంహిత గంభీరంగా తల ఊపింది.

వైజయంతి అత్తగారి గదిలోని తివాచీని మొదలంటా కత్తిరించింది. ఎర్రని ఆకులు నీళ్ళ మీదికి తేలాయి. చిన్న వలతో ఒక్కటీ వదలకుండా ఏరింది. ఇప్పుడు ఆ గదికి ఊపిరి అందదు. ఊపిరి అందకపోతే పాకుడు మందగిస్తుంది. వచ్చే కొత్త చిగురు పచ్చగానే వస్తుంది. అది లెక్క. అది ఆమె పదేళ్ళ నమ్మకం.

చిగురు తొందరగా వచ్చింది. ఎర్రగా వచ్చింది.

ఆమె తొట్టి ముందు కూర్చుంది. దీపం మార్చింది. నీళ్ళు మార్చింది. పక్క గదులు రెండూ పచ్చగా, నిమ్మళంగా ఉన్నాయి. ఈ ఒక్క గది మాత్రం, ఊదే మనిషి ఊళ్ళోనే లేకపోయినా, నెత్తురు చిమ్మినట్టు చిగురిస్తోంది.

"కుంకుమ బాగా వచ్చింది కదమ్మా?" బడి సంచి తగిలించుకుంటూ సంహిత అంది. "నాన్నమ్మ మొక్కే అన్నిటికంటే అందంగా ఉంది."

"నోరుమూసుకుని బస్సెక్కు" అంది వైజయంతి. అంత కటువుగా అనాలని ఆమె అనుకోలేదు. సంహిత మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, సంచి బరువు కింద కాసేపు ఆయాసపడి, అప్పుడు మెట్లు దిగింది.

ఫోన్ మోగింది. కామేశం గొంతులో ఉత్సాహం ఉప్పొంగుతోంది.

"ఏమీ లేదు వైజూ! తల నుంచి కాళ్ళ దాకా చూశారు. ఏమీ లేదు! డెబ్బై దాటిన మనిషికి ఇంత శుభ్రమైన ఊపిరితిత్తులు చూడలేదన్నారు డాక్టరుగారు."

వెనకనుంచి భ్రమరాంబ గొంతు వినిపించింది. "మోకాళ్ళకి ఛాతీ ఫొటో ఎందుకురా అంటే చెప్పడు! అడుగు, మీ ఆవిడనడుగు, మోకాళ్ళు ఛాతీలో ఉంటాయా అని!"

వైజయంతి నవ్వింది. నవ్వు ఏడుపైంది. గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనివితీరా ఏడ్చింది. అత్తయ్య బతికింది. తన మొక్క చచ్చిపోయింది. ఏ కన్నీరు దేనికోసమో ఆమెకే తెలియలేదు. అది తెలియనందుకు సిగ్గేసింది.

ప్రయోగశాలలో ఆమె మాట పొడిగా వచ్చింది. "అన్ని ఇళ్ళ నుంచీ తొట్లు వెనక్కి తెప్పించు సలోమీ. మొక్క మతి తప్పింది. ఊపిరి లేకపోయినా ఎర్రబడుతోంది."

"మతి తప్పితే మూడు గదుల్లోనూ తప్పాలి కదా మేడమ్? ఒక్క గదిలోనే ఎందుకు తప్పుతుంది? ఎవరో ఊదుతున్నారు."

"ఇంట్లో ఎవరున్నారు? ఆయనా అత్తయ్యా విశాఖలో ఉన్నారు. ఉన్నది నేనూ, పిల్లా. అంటే ఎవరూ లేరు."



*

భ్రమరాంబ తిరిగొచ్చిన రోజున ఇంట్లో పండగ. కారణం తెలియకపోయినా, కొడుకు సంతోషం చూసి ఆమె తనంతట తానే పూర్ణాలు వండింది. నెయ్యి వాసన హాలంతా నిండింది.

వైజయంతి చేతులు మోచేతుల దాకా తొట్టిలో ముంచింది. ఈ తివాచీని తన చేత్తోనే పీకాలని ఆమె పట్టుదల. గట్టిగా అల్లుకున్న వేళ్ళు మట్టిని వదలలేక వదులుతుంటే నీళ్ళు మసకబారాయి. ఒక మూల లేచింది.

"అయ్యో, అదెందుకే పీకేస్తున్నావు? అంత ముచ్చటగా ఉంటే!" పూర్ణాల పళ్ళెంతో భ్రమరాంబ వచ్చి నిలబడింది.

ఇక దాచవలసింది ఏమీ లేదు. చెప్పేస్తే గుండె తేలికవుతుందని వైజయంతికి తోచింది.

"నన్ను క్షమించండత్తయ్యా. మోకాళ్ళకని మిమ్మల్ని మోసం చేసి పంపాం. ఈ మొక్క ఎర్రబడిందంటే, ఊదినవాళ్ళ ఒంట్లో పెద్ద జబ్బు మొదలైందని అర్థం. నేనలా నమ్మాను. మీ గది ఎర్రబడితే, మీరు మాకు దక్కరని భయపడి చచ్చాం. కానీ మీకేమీ లేదు. మొక్కదే తప్పు. అబద్ధాలాడే మొక్క ఇంట్లో ఎందుకు?"

అత్తగారు వెక్కిరిస్తుందని ఆమె ఎదురుచూసింది. నా ఆయువు గడ్డిపరకల్లో చూశావుటే అని దెప్పుతుందనుకుంది.

పళ్ళెం నేల మీద పడింది. పూర్ణాలు దొర్లాయి. ఒకటి తొట్టి బల్ల కిందికి పోయింది.

"ఏమిటమ్మా?" కామేశం పరుగున వచ్చాడు.

భ్రమరాంబ పెదవులు కదిలాయి.

"ఎర్రబడితే... ఊదినవాళ్ళకా?"

"అవునత్తయ్యా. కానీ..."

"ఆ గొట్టంలో నేను ఒక్కనాడూ ఊదలేదే, వైజయంతీ."

తొట్టిలో నీళ్ళు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"గోదావరి తల్లిని ఎంగిలి చెయ్యడానికి మనసొప్పలేదే. నీకిచ్చిన మాటా తప్పలేకపోయాను. పసినోటికి ఎంగిలి లేదు కదా అని..."

"నేనే!"

సోఫా వెనక నుంచి సంహిత లేచింది. ఆమె చేతిలో అప్పటికే ఒక పూర్ణం సగం కొరికి ఉంది. ఎవరూ పొగడకముందే పొంగిపోతున్న మొహంతో, ఇక దాచక్కర్లేదన్న సంబరంతో, గడగడా చెప్పేసింది.

"నేనే ఊదాను! రోజూ నేనే! నాన్నమ్మ ఊరెళ్ళినప్పుడు కూడా నువ్వు పెరట్లో బట్టలారేస్తుంటే ఊదాను. మా ఇద్దరి రహస్యం. నా ఊపిరికే కుంకుమ పూసింది. నాన్న గది చూడు, ఉత్త పచ్చ! పీకెయ్యకమ్మా, అది నాది!"

అంటూనే వంగి కాలు గోక్కుంది.

వైజయంతి చేతులు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. ఆ చేతులు ఆమె చెప్పకుండానే కదిలాయి. లేచిన తివాచీ మూలను మళ్ళీ మట్టిలోకి అదిమాయి. వేళ్ళు తెగిన చోట, మట్టి చెదిరిన చోట, అరచేతులతో నొక్కి, నొక్కి పట్టాయి. అది మళ్ళీ అతుక్కుంటే, ఇప్పుడు విన్నది విననట్టు అవుతుందన్నట్టుగా.

జారే గౌను. గీరుకున్న కాళ్ళు. మెట్ల దగ్గర ఆయాసం. ఎండాకాలం కాకపోయినా తెల్లారేసరికి చెమటకు తడిసిన దిండు. అన్నీ ఆమె చూసింది. కంటితో చూసింది, చేతితో తాకింది. ప్రపంచంలో ఎవరి ఒంట్లో ఏ మూల ఏ కణం దారితప్పినా పట్టుకునే ఆకును కనిపెట్టిన మనిషి, తన ఇంట్లో ఉన్నది ఎవరని అడిగితే, నేనూ పిల్లా, అంటే ఎవరూ లేరని చెప్పింది.

"అమ్మా, కొడతావా?" సంహిత గొంతు సన్నబడింది. పెద్దవాళ్ళ మొహాలు చూసి ఆమె సంబరం ఆవిరైంది. "ఊదకూడదా? తప్పా?"

వైజయంతి తడిచేతులతోనే ఆమెను లాక్కుని గుండెకు అదుముకుంది. చిన్న గుండె కొట్టుకుంటున్న చప్పుడు తన ఎముకలకు తగిలింది.

"తప్పు కాదు తల్లీ" అంది. "తప్పు నీది కాదు."

*

గుండెకు కొంచెం పైన, రెండు ఊపిరితిత్తుల నడుమ, శనగగింజంత గడ్డ.

"ఇంకా ఎక్కడికీ పాకలేదు" అన్నారు పిల్లల డాక్టరు. ఆవిడ స్కానింగు ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టుకుని మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. "ఈ జబ్బు పిల్లల్లో మందుకు లొంగుతుంది. అందులోనూ ఇంత తొలిదశలో. కానీ నాకు అర్థం కానిది ఒకటే. ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఎవరూ రారు. మెడలో గడ్డలు పైకి తేలాకే వస్తారు. మీరెలా పట్టుకున్నారు?"

కామేశం భార్య వంక చూశాడు.

"నేను పట్టుకోలేదండీ" అంది వైజయంతి.

ప్రయోగశాలకు ఫోన్ చేసినప్పుడు సలోమి, "తొట్లు ఇంకా ఇళ్ళల్లోనే ఉన్నాయి. వెనక్కి తెప్పించనా మేడమ్?" అని మెల్లగా అడిగింది.

"వద్దు" అంది వైజయంతి. "ఒక పని చెయ్యి. ప్రతి ఇంటికీ వెళ్ళు. గొట్టం మీద ఏ పేరుందో చూడకు. ఎవరి నోరు ఊదుతోందో చూడు."

"మొక్క అబద్ధమాడదు మేడమ్."

"అవును. అబద్ధం చీటీ మీద ఉంది."

మందు సూదులు మొదలయ్యాయి. సంహిత జుట్టు ముందు దువ్వెనకు వచ్చింది, తర్వాత దిండుకు వచ్చింది. అన్నం సయించేది కాదు. నీళ్ళు కూడా గొంతు దిగేవి కావు. కోపం మాత్రం పుష్కలంగా ఉండేది.

భ్రమరాంబ ఆసుపత్రి విడిచి ఇంటికి రానంది. వరండాలో, ఎవరెవరో కూర్చుని లేచిన బల్ల మీద, ఎవరెవరో నడిచిన నేల పక్కన, మడీ లేదు, పూజా లేదు, చీర కొంగు నలిపేసుకుంటూ కూర్చునేది. మనవరాలితో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు. వైజయంతి ఆమెను ఒక్క మాటా అనలేదు. అనడానికి తనకేం హక్కుంది? ఎర్రబడిందన్న మాట ఆ రోజే అత్తగారికి చెప్పి ఉంటే, నాది కాదే తల్లీ అని ఆ రోజే తేలిపోయేది. ఆమె దాచింది ప్రేమతో. వీళ్ళు దాచింది ప్రేమతో. ఆ రెండు ప్రేమల నడుమ గడ్డ పెరిగింది.

ఒక మధ్యాహ్నం సంహితకు వాంతి అయింది. వైజయంతి నోరు కడిగి, స్టీలు గ్లాసుతో నీళ్ళు అందించింది. పిల్ల రెండు చేతులతో పట్టుకుని, అంచును పెదవులతో కరుచుకుని, రెండు గుక్కలు తాగి, మూడో గుక్క మళ్ళీ గ్లాసులోకే వదిలేసింది.

"ఇంక వద్దు."

వైజయంతి గ్లాసు తీసుకుని పారబోయడానికి లేచింది. భ్రమరాంబ అడ్డంగా చెయ్యి చాచింది. ఆమె గ్లాసు తీసుకుంది. ఎప్పటిలా తల వెనక్కి వాల్చలేదు. పైనుంచి పోసుకోలేదు. పిల్ల పెదవులు తగిలిన చోటే తన పెదవులు ఆనించింది.

"నాన్నమ్మా! అవి నా ఎంగిలి నీళ్ళు!" సంహిత నీరసంలోనే కేకేసింది. తర్వాత ఏదో గుర్తొచ్చి, తానే సర్దుకుంది. "ఓహో, పసినోటికి ఎంగిలి లేదుగా."

భ్రమరాంబ ఆఖరి చుక్క దాకా తాగింది. ఆమె గ్లాసు దించింది.

"ఉందే తల్లీ" అంది. "పసినోటికీ ఎంగిలి ఉంది."